ఎనిమిదో నెల బిడ్డ

కర్నూలు ఆస్పత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు. మనవరాలు మొదటిసారి తల్లి రొమ్ము పట్టేసరికి బేతంచెర్ల నుంచి వచ్చిన అవ్వకు కాలు నిలవడం లేదు. పరుగున పోయి నర్సు చెయ్యి పట్టుకుంది.

“సిస్టరమ్మా, పాలు చప్పరిస్తాండాది! దేవునికి స్తోత్రం!”

“చూస్తాండా అవ్వా! బరువు కూడా పెరిగింది, ఇంక భయం లేదులే.”

“అయితే ఆ కార్డులో ఏడో నెల బిడ్డ అని రాయి తల్లీ.”

“ఎందుకు? మీ కూతురికి బీపీ ఎక్కువై కాన్పయింది ఎనిమిదో నెలలో కదా?”

“గట్టిగా అనొద్దు! ఏడో నెల బిడ్డ బతుకుతాది, ఎనిమిదో నెలదైతే బతకదంటారు.”

“ఎవరన్నారవ్వా? కడుపులో ఎన్ని దినాలు ఎక్కువుంటే అంత బలం. ఏడు కంటే ఎనిమిదే మేలు.”

“నిజంగానా?”

“నిజమే. ఎదకు ఆనించి వెచ్చగా పెట్టుకోని, పాలు పడితే శానామంది బతుకుతారు.”

అవ్వ ముఖంలో సంతోషం అట్లే ఉంది. నర్సు చెయ్యి మాత్రం వదిలేసింది.

“నా పెద్దోడు ఎనిమిదో నెలలోనే పుట్టినాడమ్మా. ఎట్లాగూ బతకడులే అని ఇంట్లోవాళ్లు నన్ను పాలు కూడా పట్టనియ్యలేదు.”

నర్సు కార్డు, పెన్ను చేతిలోకి తీసుకుంది.

“రాయి సిస్టరమ్మా. ఎనిమిదో నెల అనే రాయి. పెద్దక్షరాలతో రాయి.”