మంచినీళ్ల ట్యూబు

సూరత్‌లో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసే మా పక్కింటి అక్క, నా సైన్సు ప్రాజెక్టు ట్యూబులు రెండింటినీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"ఏందే, రెండిట్ల నురుగు రాలే?"

"రాలేదక్కా. నాయిన మిల్లు రంగునీళ్లు పోసిన దాంట్ల రాదని తెలుసు. ఆ రంగు ఈస్టు కణాల ఎంజైమును పాడుచేస్తదనే కద నేను చూపియ్యాలె. మంచినీళ్ల దాంట్ల గూడ రాలే."

"నురుగు లేపే పెరాక్సైడు మంచిదేనా?"

"మంచిదే. నాకే పని రాదు. ఊర్ల బడిల సీసాలు తుడుచుడు తప్ప ఏం చెయ్యలే. కణాలు గూడ నా లెక్కనే సిగ్గుపడి ముడుసుకున్నయేమో."

"ఆగు. కొత్త ట్యూబుల నీ ఈస్టే ఏసి, ఈడి ల్యాబు నీళ్లు పోస్తున్న. ఇగ పెరాక్సైడు. చూడు, ఎట్ల పొంగుతున్నదో."

"అంటే నా కణాలు బతికే ఉన్నయా?"

"నీకన్న హుషారుగున్నయి. ఆ మంచినీళ్లు యాడియి?"

"మా ఇంటియే. నీలం డ్రమ్ముల నుంచి తెచ్చిన."

"ఆ డ్రమ్ము యాడిది?"

"మిల్లుల రంగు మందు అయిపోయినంక నాయిన తెచ్చిండు. అమ్మ సబ్బుతోని ఏడుసార్లు కడిగింది. మా గల్లీల అందరికీ అవే."

"ఆ నీళ్లు దేనికి వాడుతరు?"

"వంటకు. తాగనీకి గూడ."

అక్క ట్యూబును కింద పెట్టింది.

"అక్కా, ఫోనియ్యవా? అమ్మ ఆ నీళ్లతోనే పప్పుకు ఎసరు పెట్టే టైమైంది."

"నేను మాట్లాడనా? ఫోన్ల నీ గొంతు లేవదు గద."

"ఇయ్యాల లేస్తది."