మాణిక్యం అడిగిన పని

ఏంటి హర్షా, ఆ కవర్లన్నీ? సింగ్‌నగర్‌కా? పులిహోర ప్యాకెట్లా? మంచిదేలే, నీళ్ళలో ఉన్నోళ్ళకి ముందు కడుపులో ఏదో ఒకటి పడాలి. కూర్చో, ఆటో వచ్చేలోపు ఒక మాట చెప్తాను. మాణిక్యం అని ఒకావిడ ఉండేది అక్కడ. పోయి చాలా ఏళ్ళయింది, నీకు తెలీదు. ఇడ్లీ బండి పెట్టుకునేది. ఆ అల్లం చట్నీ ఉందే... సర్లే, చట్నీ సంగతి ఇప్పుడెందుకు. నువ్వు చంటిపిల్లాడివిగా ఉన్నప్పుడు బుడమేరు ఇట్టాగే పొంగింది. బండి కొట్టుకుపోయింది, ఇల్లు మునిగింది. వీధిలో వాళ్ళంతా ఒకే డాబా ఎక్కి కూర్చున్నారు. మా వాకింగ్ క్లబ్బు వాళ్ళం నీలాగే ప్యాకెట్లు కట్టుకుని పడవేసుకెళ్ళాం. పాపం, చేతులు చాపి తీసుకునేవాళ్ళు. ఓ రోజు ఈవిడ పిట్టగోడ దగ్గర నిలబడి, "ప్యాకెట్లు చాలండీ. బియ్యం, పప్పు, ఒక గ్యాసుబండ తెచ్చిపెట్టండి, మేమే వండుకుంటాం" అంది. మా ప్రెసిడెంటు కిరీటి గారు, మనసు మంచిదే గానీ ఎప్పుడూ మైకు ముందున్నట్టే మాట్లాడేవాడు, "అమ్మా, మీరు కష్టంలో ఉన్నారు, మీరు కూర్చోండి, సేవ చేసుకునే భాగ్యం మాకివ్వండి" అన్నాడు. ఆవిడేమందో తెలుసా? "కూర్చునేగా బాబూ ఏడుస్తన్నాం. ఊరికే కూర్చుంటే పోయినయ్యన్నీ గుర్తొస్తన్నాయి. తిండి మీరు పెడతన్నారు, పని ఎవరు పెడతారు?" అంది. ఆయన ముఖం మాడ్చుకుని, పెట్టింది తినకుండా ఈ పేచీలేంటని పడవలో గొణిగాడు. నాకు మాత్రం ఆ మాట లోపలికి దిగిపోయింది. మర్నాడు గ్యాసుబండ నేనే ఎక్కించాను.

ఎలీషా అని ఆటో అతను ఉండేవాడు ఆ డాబా మీద. ఆటో నీళ్ళ పాలైన కాణ్ణుంచీ మాటా పలుకూ లేదు, గోడకానుకుని నీళ్ళకేసి చూస్తా ఉండేవాడు. మాణిక్యం అతని ముందు కత్తిపీట వేసి, బుట్టెడు ఉల్లిపాయలు పోసి, "ఎలీషా, సాంబారుకి ఆలస్యమవుద్ది, కొయ్యి" అంది. కోశాడు. కోస్తా కోస్తా ఏడ్చాడురా, భుజాలు అదిరిపోయేట్టు. "పాడు ఉల్లిపాయలు, ఒకటే మంట" అని ఆవిడే పైకి అనేసి, అటు తిరిగి పప్పు కడగడంలో పడింది. కాసేపటికి అతనే లేచొచ్చి, "ఇంకేం కొయ్యాలక్కా?" అన్నాడు. వంటయ్యాక మేం పడవెక్కబోతుంటే అడ్డం నిలబడింది. "గుమ్మంలోకొచ్చి తినకుండా పోతారా?" అని. గుమ్మం ఎక్కడుంది, నీళ్ళ కింద ఉంది. కిరీటి గారు మీకే సరిపోదేమోనని నసిగాడు. "పొద్దున్నుంచీ తిరగతన్నారు, తిన్నారా అని మిమ్మల్నెవరన్నా అడిగారా?" అంది. ఎవరూ అడగలేదు హర్షా. ఆయన ప్లేటు కోసం చెయ్యి చాపాడు. చాపి, కాసేపు ఆ చేతి వంకే చూసుకున్నాడు. ఆ తర్వాత ఏ డాబాకెళ్ళినా ఆయన ముందడిగేది ఒకటే, "ఇక్కడ వంట బాగా చేసేదెవరమ్మా?" అని.

అందుకే చెప్తన్నా. ఈ పూటకి ప్యాకెట్లు పట్టుకెళ్ళు, వద్దనను. వాళ్ళు వండుకునేదానికి బియ్యం, బండ కూడా ఎక్కించు. ఏంటి, మీవాళ్ళు ఒప్పుకోరా? బియ్యం బస్తా ఫొటోలో బాగుండదనా? నేనే వచ్చి చెప్తాను పద. మోకాళ్ళ సంగతి తర్వాత చూసుకుందాం. అదిగో, ఆటో వచ్చినట్టుంది. వంటింట్లో మీ మామ్మ కత్తిపీట ఉంటుంది, అది కూడా పట్రా.