పెరుగన్నం వచ్చిందంటే లేవాల్సిందే

(1999 ఏప్రిల్‌లో, తెనాలి పూర్ణిమ బార్ అండ్ రెస్టారెంటులో, పద్దెనిమిదేళ్ళు పనిచేసి విరమించిన హెడ్ వెయిటర్ లాజరు తన సన్మాన సభలో మాట్లాడినది.)

అధ్యక్షులుగా కూర్చున్న మా యజమాని వెంకటకృష్ణయ్యగారికి, ఆయన పక్కనే ఉన్న, ఈ మెట్లెక్కే ముందు రోడ్డుకి అటూ ఇటూ రెండేసిసార్లు చూసుకుని మరీ ఎక్కిన మా కొలకలూరు సంఘం పాస్టరు దేవసహాయం అయ్యగారికి (నవ్వులు), రేపల్లె నుంచి పొద్దున్న బండికే దిగిన బసవేశ్వరరావుగారికి, బాపట్ల నుంచి వచ్చిన చలపతిరావు మాస్టారికి, వంటింటి తలుపు పట్టుకుని నేనేం వాగుతానో అని కంగారుపడుతున్న మా వంటమాస్టరు జార్జికి, ఈ హాల్లో ఏ మూల కుర్చీ ఎవరిదో నాకు కంఠతా వచ్చేలా చేసిన పెద్దలందరికీ నా నమస్కారాలు. ఇంకొక్కరు మిగిలారు. గుమ్మం అవతల వరండాలో కుర్చీ వేయించుకుని, ఒళ్ళో టిఫిన్ కారియరు పెట్టుకుని కూర్చున్న మా ఆవిడ ప్రేమకుమారికి కూడా నమస్కారం. ఆవిడ ఈ వరండా దాకా రావడమే నాకు మీరు కప్పిన శాలువా కన్నా పెద్ద సన్మానం. లోపలికి మాత్రం రాదు. ఎందుకు రాదో చెబుతాను. ఆవిడకి నేను చెప్పాల్సిన మాట కూడా ఒకటి ఉంది. ఇంట్లో చెప్పే ధైర్యం చాలక, ఇంతమంది మధ్యలో అయితే అంతగా కేకలెయ్యదని ఇవాళ్టిదాకా ఆగాను. (నవ్వులు)

పద్దెనిమిదేళ్ళు మీరు కూర్చుని మాట్లాడుతుంటే నిలబడి విన్నవాణ్ణి. అల్లుళ్ళ సంగతులు, ఎలక్షన్ల సంగతులు, గట్టు తగాదాలు, వాడరేవు వెళ్ళినప్పుడు పడిందని చెప్పే మూరెడు చేప మూడో గ్లాసుకి బారెడు అయ్యే వైనం, అన్నీ విన్నాను. ఇవాళ నేను మాట్లాడితే మీరు వింటున్నారు, అదీ ఒక్కరి చేతిలోనూ గ్లాసు లేకుండా! అయ్యగారి మీద గౌరవంతో మా యజమాని కౌంటరు మీద దుప్పటి కప్పించారు. అటు చూడకండి మాస్టారూ, సాయంత్రం తీస్తారు.

నేను మొదట పొన్నూరులో ఒక రైసుమిల్లులో గుమాస్తాని. మిల్లు మూతపడ్డాక ఆరునెలలు ఖాళీగా తిరిగాను. ఎనభై ఒకటిలో వెంకటకృష్ణయ్యగారు ఈ హోటలు తెరుస్తూ, నెమ్మదస్తుణ్ణని ఎవరో చెబితే పిలిపించి, "లాజరూ, తాగవుగా?" అని అడిగారు. "తాగనండి" అన్నాను. "అయితే నువ్వే కావాలి. తాగేవాణ్ణి పెట్టుకుంటే నాకేం మిగులుతుంది?" అన్నారు. సంతోషంగా ఇంటికెళ్ళి చెప్పాను. మా ఆవిడ బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టలేదు, తల ఎత్తలేదు. "ఉద్యోగం కాబట్టి చేసుకోండి. ఆ గడప మాత్రం నేను తొక్కను. అక్కడి మెతుకు నేను ముట్టను, మీరూ ముట్టకండి. మీ అన్నం నేను కట్టిస్తాను" అంది. అంతే, ఆ కారియరే ఇది.

ఆవిడ మాటకి కారణం ఉందండి. మా మామగారు ఆదాముగారు కూలిపని చేసేవారు. బంగారంలాంటి మనిషి, గొంతెత్తి పాడితే పొలంలో పక్క మడివాళ్ళు కూడా పని ఆపి వినేవారట. ఒక కోతల రోజున పొద్దుటి నుంచి ఏమీ తినకుండా పొలం నుంచి నేరుగా సారాయి దుకాణానికి వెళ్ళారు. ఖాళీ కడుపు. చుట్టూ చేరినవాళ్ళు పాడించుకున్నారు, పోయించారు, పొద్దుగూకాక ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. చాల్లే, లేచి ఇంటికి పో అన్నవాళ్ళు లేరు. ఒక ముద్ద పెట్టినవాళ్ళు లేరు. తెల్లారి కాలవలో కనిపించారు. అప్పటికి ప్రేమకుమారికి పద్నాలుగేళ్ళు.



సరే. ఇది సంతోషపడే సభ. మళ్ళీ గ్లాసుల సంగతికే వద్దాం.

ఆ కథ మనసులో పెట్టుకునే నేను ఇక్కడ మొదటి రోజునే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందు ప్లేటు, తర్వాతే గ్లాసు. ఎంతటివారైనా సరే, కడుపులో ఏదో ఒకటి పడితేగాని నేను సీసా మూత తియ్యను. చలపతిరావు మాస్టారు మొదటిసారి వచ్చి ఆ ఫ్యాను కింద కూర్చున్నప్పుడు బీరు చెప్పారు. నేను ఉడికించిన గుడ్లు నాలుగు కోసి, మిరియాలపొడి చల్లి, ఉల్లిపాయ ముక్కలు పక్కన పెట్టి తెచ్చాను. "ఏంటయ్యా, నేనడిగింది బీరు, నువ్వు తెచ్చింది గుడ్లు" అని గొంతు పెంచారు. "బీరు ఎక్కడికీ పోదండి, గుడ్లు చల్లారిపోతాయి" అన్నాను. ఆయన నన్ను తన కాలేజీ కుర్రాణ్ణి చూసినట్టు చూసి, విసురుగా ఒక ముక్క నోట్లో వేసుకుని, రెండో ముక్క మెల్లిగా తిని, మూడో ముక్కకి "ఇంకో ప్లేటు తే" అన్నారు. బీరు సంగతి అరగంట దాకా గుర్తు రాలేదు. అవునా కాదా మాస్టారూ? (నవ్వులు. చలపతిరావుగారు చెయ్యెత్తి ఒప్పుకున్నారు.) అప్పటి నుంచి బాపట్ల నుంచి ఎప్పుడొచ్చినా జీడిపప్పు పొట్లం ఆయనే తెచ్చుకుని, "ఇదిగో లాజరూ, ప్లేటు నాది, గ్లాసు నీది" అని నా చేతిలో పెట్టేవారు. జార్జి వాటిని నేతిలో వేయించి కారం చల్లి ఇస్తే పక్క టేబుళ్ళవాళ్ళు కూడా మాస్టారికి నమస్కారాలు పెట్టేవారు.

మొదలుపెట్టడం సరే, ఆపించడం ఎలా? అదే కష్టం. చాలు అంటే మనిషికి రోషం వస్తుంది. వెయిటరు చెబితే మరీ వస్తుంది.

ఎనభై నాలుగులో ఒకరోజు మిట్టమధ్యాహ్నం బసవేశ్వరరావుగారు వచ్చి కూర్చున్నారు. ఇంట్లో వాళ్ళావిడ సీతారావమ్మగారితో మాటా మాటా పెరిగి, ఇక ఈ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకుని రేపల్లెలో బండెక్కారు. చెప్పనా అండి? (బసవేశ్వరరావుగారు: "చెప్పవయ్యా, పదిహేనేళ్ళయింది!") నాలుగైంది, అయిదైంది, లేవరు. మా యజమానికి దగ్గరి చుట్టం కాబట్టి ఎవరూ వద్దనలేరు. "ఇంకోటి తే" అంటున్నారు. నాకెందుకో మా మామగారు గుర్తొచ్చారు. లోపలికి వెళ్ళి నా కారియరు విప్పి, మా ఆవిడ కలిపి పెట్టిన పెరుగన్నం ప్లేటులోకి తీసి, ఆవకాయ ముక్క పక్కన పెట్టి ఆయన ముందు ఉంచాను.

"ఏంటిది? నేను అడగలేదే."

"అడగలేదండి. ఇవాళ్టికి మీ కోటా అయిపోయిందండి. ఇది తినేసి లేవండి, రేపల్లె బండికి టైమైంది."

మా యజమాని కౌంటరులో పేపరు అడ్డం పెట్టుకున్నారు. నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను. బసవేశ్వరరావుగారు నన్నొకసారి, ప్లేటునొకసారి చూసి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. ప్లేటు ఖాళీ చేశారు. తర్వాత "ఎవరు కలిపారయ్యా?" అని అడిగారు. "మా ఇంటావిడండి" అన్నాను. "మా ఇంటావిడా ఇంతే మెత్తగా పిసికి కలుపుతుంది" అన్నారు. చెయ్యి కడుక్కుని తిన్నగా స్టేషనుకి వెళ్ళిపోయారు. ఆ రోజు నేను పస్తే అనుకోండి!

అక్కడి నుంచి అదొక ఆనవాయితీ అయిపోయింది. ఎవరికి చాలిందో వాళ్ళ ముందు అడక్కుండా పెరుగన్నం వచ్చేది. చాలనే మాట నేను అననక్కర్లేదు, పడనక్కర్లేదు. లాజరు పెరుగన్నం తెచ్చాడంటే ఇక లేవాల్సిందే అని ఊళ్ళో అనుకునేవారు. పెరుగన్నం జార్జి కలిపేవాడు, పెరుగు గట్టిగా తోడుపెట్టేవాడు, వంక పెట్టడానికి లేదు. ఆవకాయ దగ్గరే వచ్చింది చిక్కు. జార్జీ, వింటున్నావా? నీ చేప వేపుడు తినడానికి చీరాల నుంచి మనుషులొచ్చారు కానీ, నీ ఆవకాయ తిని ఒక్క మనిషైనా ఇంటికి పోదామనుకోలేదు. అందరూ ఇంకో పెగ్గు అడిగారు. (నవ్వులు)

అందుకని, ఇదిగో, ఇదే ప్రేమకుమారికి నేను చెప్పాల్సిన మాట. మామిడికాయల రోజుల్లో ఆవిడతో, "ఏమే, మన సంఘం హాస్టలు పిల్లలకి నంజుకోవడానికి ఏమీ ఉండటం లేదట, నాలుగు జాడీలు ఎక్కువ పెడతావా?" అన్నాను. ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఆరు పెట్టింది. మరుసటేడు ఎనిమిది. ఆ జాడీలన్నీ సైకిలు మీద హాస్టలుకని బయల్దేరి, తిన్నగా ఈ వంటింట్లో దిగేవి. పైగా ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ వెళ్ళి, "పిల్లలకి ఆవకాయ నచ్చిందాండి అయ్యగారూ?" అని అడిగింది. అయ్యగారికి ఏమీ తెలియదు, అయినా ఒక అమ్మ ఆశగా అడుగుతుంటే కాదనలేక, "చాలా బాగుందమ్మా" అన్నారు. నేను వెనక నిలబడి ఆ పూటంతా దేవుడి వైపు చూడలేకపోయాను. అయ్యగారూ, నా అబద్ధంలోకి మిమ్మల్ని కూడా లాగాను, క్షమించండి.

తొంభై అయిదులో మద్యనిషేధం వచ్చింది. తన ప్రార్థన దేవుడు విన్నాడని ప్రేమకుమారి పండగ చేసుకుంది. కౌంటరుకి తాళం వేసి ఇది ఉత్త భోజనహోటలైంది, నేను మధ్యాహ్నం మూడింటికే ఇంటికి చేరేవాణ్ణి. చేరి ఊరుకున్నానా? కూరలో ఉప్పు చూడటం, ప్లేట్లు తుడిచావా అని అడగటం, నీళ్ళు ఎడంవైపు పెట్టావేమని సరిచెయ్యటం. మూడు నెలలు ఓర్చుకుని, "ఏవండీ, ఆ బార్లు మళ్ళీ ఎప్పుడు తెరుస్తారట?" అంది. (నవ్వులు, చప్పట్లు) ఆ రోజుల్లో కూడా మన మాస్టారూ వాళ్ళూ వచ్చి, పాత గ్లాసుల్లోనే నిమ్మకాయ సోడా తాగి, అదే గొంతుతో వాదించుకుని, ఆఖర్న "ఏంటి లాజరూ, మాకు పెరుగన్నం లేదా?" అని అడిగి మరీ తినిపోయేవారు. జాడీలు తగ్గలేదండి. అప్పుడు నాకు అర్థమైంది, వీళ్ళు ఆ పెరుగన్నం కోసమూ వస్తున్నారని.

ప్రేమా, నువ్వు ఈ గడప తొక్కనన్నావు, తొక్కలేదు. నీ ఆవకాయ మాత్రం పద్నాలుగేళ్ళుగా నీకు తెలియకుండా ఈ గడప దాటుతూనే ఉంది. నిన్ను అడక్కుండా, నువ్వు అసహ్యించుకునే చోట నీ చేతివంట పెట్టాను. అదీ పిల్లల పేరు చెప్పి. నీకు కోపం వస్తే న్యాయమే. ఆటో బయటే ఉంది, వెళ్ళిపో. నేను నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చేస్తాను.

(వక్త వరండా వైపు చూశారు.)

లేచింది. కారియరు కూడా తీసుకుంది. వెళ్ళనివ్వండి, ఎవరూ ఆపకండి.

ఇటు కాదే, ఆటో అటు వైపు ఉంది. అయ్యో… లోపలికి వస్తోంది. మాస్టారూ, కాస్త ఆ కుర్చీ జరపండి, దారి ఇవ్వండి.

ఏంటి? మైకులో చెప్పు. చెప్పదట. వెనకవాళ్ళకి వినబడలేదు కదా, నేనే చెబుతాను. "హాస్టలు పిల్లల దగ్గర్నుంచి తిరిగొచ్చే జాడీకి సిగరెట్ల వాసన ఎందుకొస్తుందండీ? మొదటేడే తెలుసు నాకు" అంటోంది. (పెద్దగా నవ్వులు, చప్పట్లు. దేవసహాయం అయ్యగారు రుమాలుతో ముఖం తుడుచుకున్నారు.)

తెలిసి కూడా ఏటేటా ఎందుకు ఎక్కువ పెట్టావే మరి?

(ఆమె ఏదో అన్నారు. వక్త వంగి విన్నారు.)

"మా నాన్నకి ఎవరూ పెట్టలేదుగా" అంటోంది.

… క్షమించండి. కొంచెం నీళ్ళు… వద్దు జార్జీ, అవసరం లేదు.

నేను ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. వెంకటకృష్ణయ్యగారు నాకిచ్చిన గోడ గడియారం గురించి, ఈ హాల్లో నాకు పెద్దన్నలూ తమ్ముళ్ళూ అయిన మీ అందరి గురించి రాసుకున్న కాగితం ఇంకా జేబులోనే ఉంది. కానీ మీరు ముందు వరసల్లో ఉన్నారు, మీకు కనిపిస్తోంది. మా ఆవిడ కారియరు విప్పి, పై గిన్నె తీసి, నా మైకు ముందు పెట్టింది. పెరుగన్నం. పక్కన ఆవకాయ ముక్క. నేను అడగలేదండి.

దాని అర్థం ఈ హాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇన్నాళ్ళు నన్ను భరించినందుకు, నా ప్లేటు కాదనకుండా తిన్నందుకు, నేను లేవమన్నప్పుడు లేచి ఇంటికి వెళ్ళినందుకు మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇవాళ నా వంతు వచ్చింది. ఇది తినేసి నేనూ ఇంటికి పోతాను. సెలవు.