విడిపోయాయని రాశాను

నేను అబద్ధం రాశాను పిన్నీ. ఇంతవరకూ నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. ఆ గాజుపలకల మీద రేణువులు విడిపోలేదు. విడిపోయాయని రిజిస్టర్లో రాసింది నేనే.

లేవకు, కూర్చో. కన్ను మాత్రం రుద్దకు.

ముందే చెప్పాగా, ధూళికన్నా సన్నం అవి. పది నిమిషాలు నీలం లైటు వేస్తే చాలు, ఎవరూ పేర్చక్కర్లేదు, వాటంతటవే వచ్చి చేతులు పట్టుకున్నట్టు వల అల్లుకుంటాయి. ఆ వల కంటి గాయాన్ని మూసి ఉంచుతుంది. రెండ్రోజులకి దేనికదే విడిపోయి కన్నీళ్లలో కొట్టుకుపోవాలి.

ల్యాబులో ఆ నీలం లైటు వేసే మా బల్బు మేడమ్ వీడియో తీసేది అవి కలిసేటప్పుడే. విడిపోవడం ఎవరు చూస్తారు? అది నాకు వదిలేశారు. కాలేజీ గడప తొక్కనిదాన్ని, గాజుసామాను కడిగేదాన్ని, మైక్రోస్కోపు ముందు కుర్చీ వేశారని ఎంత మురిశానో నీకు తెలీదూ?

మొదటి పలక మీద వల అలాగే ఉంది. అంత చదువుకున్నవాళ్ల లెక్క తప్పుతుందా, నా కడగడమే బాలేదనుకున్నా. అడిగితే ఆ కుర్చీ కూడా లాగేస్తారేమోనని బ్రష్షుతో గీకి, విడిపోయాయని రాసేశా. అలా పంతొమ్మిది పలకలు.

ఇరవయ్యోది కిటికీ పక్కన మర్చిపోయా. నిన్న కనబడింది. వల రెండింతలు పెరిగింది పిన్నీ. నీలం లైటు ఎవరూ వెయ్యలేదు. వట్టి పగటి వెలుతురుకే.

నీ కంటి గాయానికి ఆ రేణువుల చుక్క వేసింది మొన్న. ఆ మందు పరీక్షకి నీ పేరు ఇచ్చింది నేను.

నిజం చెప్పు. పొద్దున్నుంచీ వెలుతురు పడ్డప్పుడల్లా మొహం తిప్పుకుంటున్నావేం?

గీతలా? ఎన్ని?

నిన్నెన్ని ఉన్నాయి?

బల్ల మీద వేలితో గియ్యక్కర్లేదు. ఆ అల్లిక నాకు తెలుసు. అది ఇంకా పెరిగితే చూపు మూసేస్తుంది.

తిట్టు పిన్నీ. రెండు తగిలించినా పడతాను.

మేడమ్‌కి ఫోన్ చేస్తే ముందు రిజిస్టరు తెమ్మంటారు, చూద్దామంటారు. చూసే టైము లేదు. నీకు చుక్క వేసిన డాక్టరుగారికే చేస్తా. పలకల సంగతి, గీకిన సంగతి, నా చేతిరాత సంగతి, అన్నీ చెప్పేస్తా.

వద్దంటావేంటి? ఉద్యోగం పోతుందనా? నీ కంట్లో అది అల్లుకుంటూ ఉంటే, నువ్వు నా ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నావా?

ఫోన్ ఇటివ్వు పిన్నీ.