సోమి మొక్కలు మార్చలేదు

నా పేరు బొడ్డేపల్లి దేవుడమ్మ. వయసు డెబ్బై ఒకటి. రిటైరైన సైన్సు టీచరును. ఛత్తీస్‌గఢ్‌లోని కిరందుల్‌లో, రైల్వే కాలనీ క్వార్టరులో, కొడుకు దగ్గర ఉంటున్నాను.

మా ఊరు భీమిలి తీరం. అక్కడి ఇసుకలో పాకే బాలబంద తీగ తెచ్చి నాలుగు కుండీల్లో పెంచుతున్నాను. దాని ఆకు మేక గిట్టలా చీలి, దళసరిగా ఉంటుంది. ఆ దళసరి పోకూడదని ఎండలో ఉంచి, వారానికొకసారి ఉప్పునీళ్లు పోస్తాను.

2024 ఏప్రిల్ 3న నేనూ కొడుకూ కోడలూ ఊరెళ్లాం. ఇల్లు మా పనిమనిషి సోమికి అప్పగించాను. తొమ్మిది ఆదివారాలకు తొమ్మిది ఉప్పు పొట్లాలు కట్టి, తేదీలు వేసి ఇచ్చాను. జూన్ 9న తిరిగొచ్చాం. పది ఆకులు పేర్చి కొలిస్తే ఐదు మిల్లీమీటర్లు. వెళ్లేముందు ఎనిమిది. సోమి నా మొక్కలు అమ్ముకుని అడవి తీగ పెట్టిందని 10న ఉదయం పోలీసు థానాలో రిపోర్టు ఇచ్చాను. ఆమెను థానాకు పిలిపించారు. కాలనీ గేటు దగ్గర, లోపలికి రావడానికి ఉన్న ఆమె పాస్ తీసుకున్నారు. ఆమె కాలనీలో ఆరు ఇళ్లలో పని చేస్తుంది.

11న ఉదయం ఏడింటికి ఒక తీగను కొన నుంచి మొదలు దాకా వేలితో పట్టుకుని వెళ్లాను. ఎక్కడా అతుకు లేదు, అది నా తీగే. మొదలు దగ్గర నాలుగు పాత ఆకులు దళసరిగానే ఉన్నాయి. తరవాత వేసినవన్నీ పలచన. వంటింటి అరలో తొమ్మిది పొట్లాలూ విప్పకుండా ఉన్నాయి.

సోమి ఇంటికి వెళ్లి అడిగాను.

"ఉప్పు ఎందుకు వెయ్యలేదు?"

"ఉప్పు మట్టిల పోస్తరా ఏంది, టీచరమ్మా? మా తాత ఉప్పు కోసం చింతపండు మోసుకొని జగర్గుండా సంతకు నడిచేటోడు. మీకే డాక్టరు ఉప్పు బంద్ చేసిండు, మొక్కకేంది? ఎండకు సస్తదని నీడకు జరిపి, రోజూ మంచినీళ్లు పోసిన."

"ఆ ముక్క థానాలో చెప్పొచ్చు కదేటి?"

"మీరు అడగలే. దొంగ అన్నరు."

అలల ముందర ఉప్పుగాలి తగిలేచోట ఆకు నీరు దాచుకుని దళసరి అవుతుంది. సరుగుడు తోట వెనక నీడలో అదే తీగ పలచని ఆకు వేస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఈ పాఠం చెప్పాను. నా కుండీలో జరిగితే దొంగతనం అన్నాను.

ఈరోజు థానాలో అధికారిగారు "గలత్‌ఫహమీ, అపార్థం అని రాసేద్దాం, మాతాజీ" అన్నారు. నేను ఒప్పుకోలేదు. అలా రాస్తే ఆమె మీద అనుమానం మిగిలిపోతుంది. నేను ఇచ్చిన రిపోర్టు తప్పు, సోమి ఏ నేరమూ చెయ్యలేదు అని రాయించాను. ఒక నకలు నాకు కావాలి. గేటు దగ్గర అందరి ముందూ నేనే చదువుతాను. పాస్ ఆమె చేతికి వచ్చేదాకా అక్కడే నిలబడతాను.

ఇందులో ఉన్నదంతా నిజం. ఎవరూ చదివి వినిపించలేదు, నేనే రెండుసార్లు చదువుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) బొడ్డేపల్లి దేవుడమ్మ
12-06-2024, ఉదయం 11.40