మేనేజరు సంతకం

మేనేజరు సంతకం, మేనేజరు సంతకం! వచ్చి ఐదు నిమిషాలు కాలేదు, అప్పుడే నాలుగుసార్లు అడిగావు శోభనా. రోజూ హిందీలో పలకరించేదానివి, ఇవాళ తెలుగులో "తాతా" అంటే కరిగిపోతాననుకున్నావా? కూర్చో.

ఏమిటిది, బడి మూయొద్దని సువాలో పెద్దాఫీసుకి అప్పీలా? బాగానే రాశావు. పలక ఉమ్మితో తుడిచిన పిల్లవి, ఇంత ఇంగ్లీషు వచ్చిందంటే మా బడి చలవే కదా!

తెల్లదొరలు పోయి జెండా మారిన ఏడు కట్టాం దాన్ని. చెరకు కోసే గ్యాంగంతా ఆదివారాలు సిమెంటు మోసింది. అప్పుడు మూడు వందల మంది పిల్లలు. మామిడి చెట్టు కింద కూడా క్లాసే. ఇప్పుడో? తొమ్మిది మంది. ముసలివాళ్ళం అరవై ముగ్గురం.

లబాసా నుంచి వచ్చిన ఆ గవర్నమెంటు ఆఫీసరు మర్యాదస్తుడమ్మా. మాతో యంగోనా వేరు నీళ్ళ గిన్నె చుట్టూ కూర్చున్నాడు, ఆచారం ప్రకారం చప్పట్లు కొట్టి తాగాడు, అప్పుడు చెప్పాడు. పెన్షన్ వాళ్ళు ఏటా పెరుగుతున్నారట, పుట్టేవాళ్ళు తగ్గుతున్నారట, గవర్నమెంటు దగ్గరున్న డబ్బు మాత్రం అంతేనట. పన్నెండు మంది పిల్లలుంటే టీచరు ఉంటుంది. లేకపోతే బడి మూసి ఆ కట్టడం మా ముసలివాళ్ళకి ఇస్తారు. నర్సు వారానికి రెండుసార్లు వస్తుంది, పెన్షనూ అక్కడే ఇస్తారు.

బడి ఉండాలా, మాకివ్వాలా అని ఓటు పెట్టాం. అన్యాయమేముంది? జీవిత సభ్యులకే ఓటు, కమిటీ రూలు అది. ఆ తొమ్మిది మంది తల్లిదండ్రుల్లో సభ్యత్వం కట్టినవాడు ఒక్కడున్నాడా? మేం కట్టాం. రామ్ లాల్ చెయ్యి లేవకపోతే పక్కవాడు పట్టి లేపాడు. ఓటు ఓటే!

ఏడుస్తావేం? నిన్ను ఇంకో ఊరికి మారుస్తారు, జీతం ఎక్కడికీ పోదు.

బసంతి కూతురా? తెలుసు, కాలు ఈడుస్తుంది. బస్సు దాకా నడవలేదు, చదువు మానేస్తుంది. అదీ తెలుసు. దాని కాలి గురించి అరపేజీ రాశావు. నా మోకాళ్ళ గురించి ఎవరు రాశారు?

ఇంకేదో కాగితం తీస్తున్నావు. జాబితానా? ద్రౌపది కవలలు, పార్బతి మనవడు, లచ్మన్ కొడుకు. జనవరిలో ఒకటో క్లాసుకి నలుగురు. తొమ్మిదీ నాలుగూ పదమూడు. ఓహో, పాపం ఆఫీసరుకి తెలియలేదనుకున్నావన్నమాట!

అడిగాడమ్మా. జీపెక్కబోతూ అడిగాడు. "జగన్నాథం సాబ్, వచ్చే ఏడు కొత్తగా చేరేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని. అందరూ నా మొహం చూశారు.

ఎవరూ లేరన్నాను.

మరిచిపోయి కాదు. ఆ కవలలకి పేరు పెట్టింది నేనే. పెద్దదానికి మా ఆవిడ పేరు.

అలా చూడకు. కాగితాలు తీసుకో. మేం ఇంకో పదేళ్ళుంటామా? ఆ తర్వాత బడి మీదే, తెరుచుకోండి.

ఏమిటీ? అప్పటికి ఆ నలుగురికీ పదహారేళ్ళు వచ్చేస్తాయా?

అవును మరి. వస్తాయి.