బాయిలర్ నోటి నుంచి తప్పించిన పిప్పి

1988వ సంవత్సరం జూన్ పదమూడవ తేదీ, సోమవారం, ఉదయం ఎనిమిది గంటలు. మనందరి చేతా ‘కెమిస్టమ్మగారు’ అనిపించుకుంటూ, ఈ నెలాఖరున ప్రధాన కెమిస్టుగా పదవీ విరమణ చేయనున్న విదుషీమణి, జూనియర్ కెమిస్టుగా మన చక్కెర కర్మాగారంలో అడుగుపెట్టిన శుభముహూర్తమది. ఈ వివరాలు అందించినవారు బాయిలర్ ఇంజనీరు గారు. ఏటా శ్రీమతి గుర్తు చేస్తే తప్ప సొంత పెళ్లి తేదీ గుర్తుకు రాని ఆ మహానుభావుడికి, మరొకరు ఉద్యోగంలో చేరిన తేదీ వారంతో, గంటతో సహా నోటికి రావడం కాపురానికి మంచి సూచన కాదు. అయితే అది తన పిప్పి మీద పరాయి కన్ను పడిన రోజు కనుకనే గుర్తుందని ఆయన సంజాయిషీ.

చెరకును రోలర్ల మధ్య నలిపి రసం తీశాక మిగిలేదే పిప్పి. ఇంజనీరు గారి సిద్ధాంతం ప్రకారం అది పుట్టిందే బాయిలర్‌లో కాలడానికి.

తొలి పదేళ్లూ కెమిస్టమ్మగారు ప్రయోగశాలకే అంకితమై, రసంలోని తీపి ఎంతో పరికరం తేల్చేలోపు నాలుకతో తేల్చగల నైపుణ్యాన్ని సాధించారు. రోజువారీ నివేదికలో ‘వ్యర్థాలు’ అని అచ్చువేసి ఉన్న గడిని ఎర్రసిరాతో కొట్టివేసి ‘మిగిలినవి’ అని దిద్దే అలవాటు అప్పటిదే. ఆ దిద్దుబాటు కాగితంతో ఆగలేదు. రసం వడపోతలో మిగిలి, పెరటి గోడ వెనుక కుళ్లే మడ్డికి బూడిద కలిపి, నెలల తరబడి తిరగవేయించి ఎరువుగా మార్చారు. అంతకుముందు ముక్కు మూసుకుని ఆ గోడ దాటిన రైతులే దానికోసం బండ్లు కట్టుకుని వచ్చారు.

2005లో వారి దృష్టి పిప్పితో పళ్లేల తయారీపైకి మళ్లింది. యాజమాన్యం ఒక పాత షెడ్డునూ, గోనె సంచులు కుట్టే ఆరుగురు మహిళలనూ ఇచ్చి, ఒక్క సీజను గడువు పెట్టింది. సీజను చివర నలభై మంది అతిథులకు ఆ పళ్లేలలో భోజనం పెట్టాలి; నెగ్గితే షెడ్డు నిలుస్తుంది, లేకుంటే తాళం పడుతుంది.

పిప్పిలో మిగిలిన తీపి వదలాలంటే వేడినీళ్లతో కడగాలి. ఆ వేడినీళ్ల వాల్వు ఇంజనీరు గారి చేతిలో ఉంది.

“మీ పిప్పికి తలంట్లు పోయడానికి నా దగ్గర నీళ్లు లేవమ్మా. నా బాయిలర్‌కే చాలట్లేదు.”

“ఒక్క పూట ఇవ్వండి అన్నయ్యగారూ. చన్నీళ్లకి తీపి వదలదు.”

“వదలకపోతే మరీ మంచిది. తినేవాళ్లకి వేరే మిఠాయి పెట్టక్కర్లేదు!”

అంటూనే వాల్వు బిగించేశారు. నీళ్లకు కొరత ఏమీ లేదన్న సంగతి ఆయనకు తెలుసు; కెమిస్టమ్మగారికీ తెలుసు.

చన్నీళ్లతో మూడుసార్లు కడిగి, మర్నాటి విందుకు పళ్లేలు సిద్ధం చేశారు. అతిథుల కంటే ముందు చీమలు వచ్చి కూర్చున్నాయి. జనరల్ మేనేజరు గారు బల్ల పొడవునా పరికించి, “పిలిచింది నలభై మందినే కదా, వీళ్లంతా ఎవరి తాలూకు?” అన్నారు. అందరూ నవ్వారు. సాయంత్రానికి షెడ్డుకు తాళం పడింది. ఆ ఆరుగురూ మళ్లీ గోనె సంచుల దగ్గరికి వెళ్లారు.

విచారణ నివేదికలో కెమిస్టమ్మగారు, “కడగడంలో నా అజాగ్రత్త” అని ఒక్క ముక్క రాసి సంతకం చేశారు. వాల్వు మాట ఎత్తితే రెండు విభాగాలు కొట్టుకుంటాయే తప్ప పళ్లేలు రావని వారి ఆలోచన. దాని కింద సాక్షి సంతకం ఇంజనీరు గారిది. ఆ పూట ఆయన ఇంట్లో అన్నం సరిగా తినలేదు. అడిగితే ఉప్పు ఎక్కువైందన్నారు. ఉప్పు సరిగానే ఉంది.

రెండేళ్లపాటు ఎవరినీ ఏమీ అడగకుండా, చక్కెర పాకం మరిగేటప్పుడు లేచే ఆవిరి నీరై కాలువలో కలిసిపోతుంటే, ఆ వేడి నీటిని షెడ్డుకు మళ్లించే ఏర్పాటు రూపొందించి, కెమిస్టమ్మగారు మళ్లీ అనుమతి తెచ్చుకున్నారు. ఈసారి చీమలు రాలేదు, పళ్లేలు కొనడానికి ఆసుపత్రి క్యాంటీను వారు వచ్చారు. ఆరుగురితో మొదలైన షెడ్డులో ఇవాళ ఇరవై ఎనిమిది మంది పనిచేస్తున్నారు.

మొన్న మంగళవారం అదే షెడ్డులో బాధ్యతల అప్పగింత జరిగింది. కొత్తగా వచ్చిన కెమిస్టు చేత కెమిస్టమ్మగారు వివరాలు రాయిస్తున్నారు. “మొదటి ప్రయత్నం చీమల పాలైంది. రాసుకోండి, కారణం నా అజాగ్రత్త.”

కార్యాలయం తరఫున శుభాకాంక్షలు చెప్పడానికి, ఇంట్లో అద్దం ముందు మూడు రోజులు సాధన చేసి వచ్చిన ఇంజనీరు గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

“అమ్మా, మీరు నిండు ఆరోగ్యంతో, మనవల పిల్లల చేత కూడా అక్షరాలు దిద్దించేంత కాలం చల్లగా ఉండాలి. అది అందరి మాట. నా మాట ఇంకోటుంది. ఆ ముక్క కొట్టేయించండి. ఆ రోజు నీళ్లున్నాయి. కావాలనే కట్టేశాను.”

కెమిస్టమ్మగారు తలెత్తలేదు. “మిషన్ల మోతలో వినపడలేదు అన్నయ్యగారూ, కాస్త గట్టిగా చెప్పండి.”

ఇంజనీరు గారు గొంతు సవరించుకున్నారు. పళ్లేలు ఒత్తే అచ్చుల దగ్గర ఇరవై ఎనిమిది మందీ ఇటు తిరిగారు.

“తప్పు నాదే!”